ఎర్ర గీత పడని తప్పు

కంప్యూటరులో గానీ చేతి ఫోనులో గానీ తెలుగు రాసే అలవాటున్న పాఠకులకు ఎర్ర గీత సుపరిచితమే. రాసిన పదం యంత్రానికి తెలియనిదైతే దాని కింద వంకర టింకరగా ఒక ఎర్రని గీత పడుతుంది. మనం ఆగి, ఆ పదాన్ని మరొకసారి చూసి, ఒత్తో దీర్ఘమో సరిచేస్తాము. గీత మాయమవుతుంది. పుట అంతటా ఎక్కడా ఎరుపు కనిపించకపోతే రాత నిర్దుష్టంగా ఉన్నదని నిశ్చింత పడతాము. ఆ నిశ్చింతను గురించే ఈసారి మీతో కొంచెం మాట్లాడదలచాను. మధుమేహం గురించీ రక్తపోటు గురించీ రాసే వైద్యుడికి అక్షరదోషాలతో ఏమి నిమిత్తమని మీరు అడగవచ్చు. మందుల చీటీ, కరపత్రం, టీకా కార్డు, అమెరికాలో ఉన్న కూతురు ఊళ్లో ఉన్న తల్లికి పంపే సందేశం, ఇవన్నీ అక్షరాలే గదా! వైద్యంలో పెద్ద భాగం ఇప్పుడు అక్షరాల మీదుగానే రోగిని చేరుతున్నది.

నిజానికి యంత్రం చేసే పని చాలా చిన్నది. దాని దగ్గర ఒక పదాల పట్టిక ఉంటుంది. విభక్తులు, బహువచనాలు, క్రియారూపాలు ఎలా ఏర్పడతాయో చెప్పే కొన్ని సూత్రాలు ఉంటాయి. మీరు రాసిన పదం ఆ పట్టికలో ఉన్నదా, లేదా ఆ సూత్రాల ప్రకారం అందులోనుంచి పుట్టగలదా అని చూస్తుంది. ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే గీత గీస్తుంది. ఆ పదం ఆ వాక్యంలో ఉండదగినదేనా అనే ప్రశ్న దానికి తోచదు. "పక్షవాతం వచ్చిన రోగిని తక్షణం ఆసుపత్రికి చేర్చాలి" అని రాయబోయి "పక్షపాతం వచ్చిన రోగిని" అని రాశారనుకోండి. పక్షపాతం నిఘంటువులో నిక్షేపంగా ఉన్న మాటే. గీత పడదు. కంటి శుక్లాలకు ఉచిత శస్త్రచికిత్స అనబోయి కంటి శుల్కాలకు అన్నా పడదు. మందు మూడు పూటలా వేసుకోమనటానికి బదులు మూడు పుటలా వేసుకోమన్నా, జ్వరంలో పథ్యం పాటించమనటానికి బదులు పద్యం పాటించమన్నా పడదు. రక్తపరీక్ష ఫలితం అనే చోట ఒత్తు జారిపోతే పలితం అవుతుంది. సంస్కృతంలో పలితమంటే నెరసిన జుట్టు. పరీక్ష కాగితం చేతికి వచ్చేసరికి తల నెరిసిందని అర్థం చేసుకోవాలి కాబోలు! ఇక శాకాహారం సంగతి చెప్పనే అక్కరలేదు. శాకమంటే కూర, శాఖ అంటే కొమ్మ. కోతిని శాఖామృగం అన్నది అది కొమ్మల మీద తిరుగుతుంది గనుకనే. అయినా మన ఊళ్లలో భోజనశాలల బోర్డులన్నీ "శాఖాహారం" వడ్డిస్తామనే చెబుతున్నాయి. ఆ తప్పు ఎంతగా స్థిరపడిపోయిందంటే, ఇప్పుడు సరైన మాట రాసినవాడినే జనం అనుమానంగా చూస్తున్నారు.

ఇవన్నీ నవ్వించే తప్పులు. నవ్వు వచ్చింది అంటే తప్పు దొరికిపోయింది అన్నమాట. పక్షపాతం వచ్చిన రోగి ఎవరో తెలియక పాఠకుడు ఆగిపోతాడు, తనే దిద్దుకొని చదువుకుంటాడు. అందువల్ల వాటివల్ల రచయిత పరువు పోతుందేమో గానీ రోగికి ప్రాణాపాయం లేదు. జ్వరం వచ్చినవాడు తనంతట తానే వైద్యుడి దగ్గరికి వస్తాడు. రక్తపోటు ఉన్నవాడు ఏ బాధా తెలియక హాయిగా తిరుగుతుంటాడు. నాకు భయమంతా ఆ రెండో రకం తప్పుల గురించే. పదం సరైనది, వాక్యం సలక్షణమైనది, అర్థం కూడా చక్కగా పొసగుతుంది. కాకపోతే రచయిత చెప్పదలచినది అది కాదు.

క్షయవ్యాధి శిబిరాన్ని తీసుకోండి. "క్షయ నిర్ధారణ శిబిరం" అంటే కళ్లె పరీక్ష చేసి వ్యాధి ఉన్నదో లేదో తేల్చే శిబిరం. "క్షయ నివారణ శిబిరం" అంటే ఊరివాళ్లు మందులిస్తారనో టీకా వేస్తారనో అనుకుంటారు. రెండు శీర్షికలూ గోడ మీద అందంగానే కనిపిస్తాయి. పరిమాణం, పరిణామం అనే మాటల జంట కూడా ఇటువంటిదే. "మందు పరిమాణాన్ని బట్టి" అనటానికీ "మందు పరిణామాన్ని బట్టి" అనటానికీ మధ్య రెండక్షరాలు చోటు మార్చుకున్నాయి, అంతే. మొదటిది ఎంత ఇచ్చామన్నది, రెండోది ఇచ్చిన తరవాత ఏమయిందన్నది. ఎముక విరిగినచోట శకలాలు ఉంటాయి. అది సకలమైతే ఎముక విరగనే లేదు!

వీటిని మించిన జంట ఒకటి ఉంది. విరేచనాలైన పిల్లవాడికి ప్యాకెట్టు దొరకని చోట ఇంట్లోనే కలుపుకొనే నీటి విధానం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టి కొలిచినది. ఇప్పుడు ఆ వాక్యంలోని రెండు సంఖ్యలను మరొకసారి చూడండి. ఆరు, అర. ఒక దీర్ఘం, ఒక కొమ్ము. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారికి ఈ రెండూ పక్కపక్కనే సూచనలుగా కనిపిస్తాయి, వేలు ఏదో ఒకదాని మీద పడుతుంది. "అర చెంచా ఉప్పు" కాస్తా "ఆరు చెంచాల ఉప్పు" అయితే యంత్రానికి అభ్యంతరం లేదు. కానీ ఆ నీరు తాగిన పసిబిడ్డ రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. మెదడు కణాలలోని నీరు బయటికి లాగబడి ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. ప్రాణం నిలపటానికి పుట్టిన నీరు అది. ఒక్క గుణింతం మారితే విషమవుతుంది.

తెలుగు భాషా స్వభావమే ఈ ప్రమాదాన్ని పెంచుతున్నదని నా అభిప్రాయం. ఇంగ్లీషులో నిషేధాన్ని తెలిపే మాట సాధారణంగా విడిగా, కంటికి కనపడేలా నిలబడుతుంది. మనకు అది క్రియలో కలిసిపోతుంది. వాడండి, వాడకండి. తాగండి, తాగకండి. మానండి, మానకండి. నడుమ ఒక్క "క" వచ్చి విధిని నిషేధంగా మారుస్తుంది. ఇవ్వచ్చు, ఇవ్వద్దు. వాడవచ్చు, వాడవద్దు. అనుమతికీ నిషేధానికీ మధ్య తేడా ఒక జంటాక్షరం. పైగా మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. వాక్యం మొదలుపెట్టి మందు పేరు, వేళ, కారణం అన్నీ చదివిన కన్ను చివరికి వచ్చేసరికి అలసిపోయి, ఆఖరి పదాన్ని చూసీ చూడనట్టు దాటేస్తుంది. వాక్యభారమంతా మోసే పదమే మన చూపు తక్కువగా ఆగే పదం.

మా తిరువూరు ప్రాంతం గురించి తెలిసినవారికి ఎ.కొండూరు మండలంలోని తండాల సంగతి తెలిసే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాదిరిగానే అక్కడ కూడా ఎంతోమంది దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. పదవీ విరమణ తరవాత ఆ తండాల్లో పంచటానికి కొందరు యువకులు ఒక కరపత్రం వేయిస్తామంటే నేను విషయం రాసి ఇచ్చాను. వైద్యుల చేతిరాత మీద లోకానికి ఉన్న సదభిప్రాయం నాకు తెలుసు గనుక, మా శ్రీమతి చేత గుండ్రని అక్షరాలతో శుద్ధప్రతి రాయించాను. అందులో ముఖ్యమైన వాక్యం ఒకటుంది. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే కూలీలు సాయంత్రానికి ఒళ్లు నొప్పులతో ఇంటికి చేరతారు. దుకాణంలో రెండు నొప్పి మాత్రలు కొని మింగి, పొద్దున్నే మళ్లీ పనికి పోతారు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి ఆ మాత్రలు మూత్రపిండాలకు వెళ్లే రక్తప్రసరణను తగ్గిస్తాయి. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు అవి గొడ్డలిపెట్టు. అందుకని "మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు నొప్పి మాత్రలు వాడవద్దు" అని రాశాను.

టైపు చేసిన ప్రతి వచ్చింది. ఒక పల్లెలో పదిమందిని కూర్చోబెట్టి, అక్కడి ఆశా కార్యకర్త చేత పైకి చదివిస్తున్నాను. చదువుతూ చదువుతూ ఆ అమ్మాయి ఆగిపోయింది. "సార్, మీరు మొన్న మీటింగులో నొప్పి మాత్రలు వద్దన్నారు గదా, ఇందులో వాడవచ్చని ఉందేమిటండీ?" అంది. కాగితం తీసుకొని చూశాను. నిజమే. శుద్ధప్రతిలో "వాడవద్దు" స్పష్టంగా ఉంది, అచ్చు ప్రతిలో "వాడవచ్చు" అంతే స్పష్టంగా ఉంది. టైపు చేసిన కుర్రవాడిని అడిగితే, తెర మీద ఎర్ర గీతలన్నీ తీసేసిన తరవాతే ప్రింటు ఇచ్చానన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు. తెర మీద చూపించాడు కూడా. డైక్లోఫెనాక్ కింద ఎర్ర గీత, క్రియాటినిన్ కింద ఎర్ర గీత, డయాలసిస్ కింద ఎర్ర గీత పడితే వాటన్నిటినీ "విస్మరించు" అని నొక్కుకుంటూ పోయాడు. సరిగ్గా ఉన్న మాటలన్నిటి కిందా గీతలున్నాయి, ఘోరంగా తప్పిన ఒక్క మాట కింద మాత్రం ఏమీ లేదు. ఆ కుర్రవాడిని నేను నిందించను. రోజుకు పన్నెండు గంటలు పెళ్లి పత్రికలూ దరఖాస్తులూ కొట్టే మనిషికి క్రియాటినిన్ ఏమిటో, నొప్పి మాత్రకూ మూత్రపిండానికీ వైరమేమిటో ఎవరు చెప్పారు?

ఆ తండాల్లో పెద్దవాళ్లు ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. తెలుగు వారికి అంగడి భాష, ఆసుపత్రి భాష. కరపత్రాన్ని బడికి వెళ్లే మనవడో మనవరాలో చదివి వినిపిస్తారు. "ఇది తప్పు పడి ఉంటుందిలే" అని సందర్భాన్ని బట్టి సర్దుకొనే వెసులుబాటు మనకున్నంతగా వారికి ఉండదు. డాక్టరు గారి కాగితంలో వాడవచ్చని ఉంటే వాడవచ్చనే అర్థం.

ఇటువంటి తికమకలు తెలుగుకే పరిమితం కావు. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మందు అమెరికాలో మొదట లోసెక్ పేరుతో వచ్చింది. మూత్రం ఎక్కువగా పోయించే లేసిక్స్ అప్పటికే ఉంది. చేతిరాతలో ఒకటి మరొకటిగా కనిపిస్తున్నదని 1990లో లోసెక్ పేరును ప్రైలోసెక్‌గా మార్చారు. ఆ కొత్త పేరు మానసిక వైద్యంలో వాడే ప్రోజాక్‌తో కలుస్తున్నదని తరవాత ఫిర్యాదులు వచ్చాయి! మన పెరట్లో పూసే బిళ్ల గన్నేరు నుంచి రెండు క్యాన్సరు మందులు తీస్తారు, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. తోబుట్టువుల వంటి పేర్లు. మోతాదులలో మాత్రం చాలా తేడా. ఒకదాని మోతాదులో మరొకటి ఎక్కిస్తే రోగి బతకటం కష్టం. అందుకే పేరులో తేడా ఉన్న భాగాన్ని మాత్రం పెద్దక్షరాలలో రాసే పద్ధతిని అక్కడి ఆసుపత్రులు అవలంబించాయి. ఒకేలా కనిపించే, ఒకేలా వినిపించే మందుల పేర్ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రత్యేకంగా హెచ్చరించింది. మన దేశంలో కూడా వైద్యులు మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన తెచ్చింది. మంచిదే. అయితే తెలుగు లిపిలో పెద్దక్షరాలు లేవు. మన కరపత్రాలకు ఆ ఉపాయం అక్కరకు రాదు.

యంత్రం తప్పును విడిచిపెట్టడం ఒక ఎత్తు, ఒప్పును తప్పుగా దిద్దటం మరొక ఎత్తు. జన్యు శాస్త్రంలో సెప్ట్, మార్చ్ అనే సంక్షిప్త నామాలతో కొన్ని జన్యువులు ఉండేవి. పట్టికలు తయారుచేసే ఎక్సెల్ వాటిని సెప్టెంబరు, మార్చి నెలల తారీకులనుకొని మార్చేస్తూ వచ్చింది. పేరు తారీకైపోయిన పరిశోధన పత్రాలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. చివరికి 2020లో ఎక్సెల్‌ను కాక ఆ జన్యువుల పేర్లనే మార్చుకోవలసి వచ్చింది. మనుషులు యంత్రానికి తలవంచిన ఘట్టాలలో ఇదొకటని నా మిత్రుడొకరు చమత్కరించారు. ఇదే కోవలో మరో ముచ్చట. వైద్య పరిశోధకులు సంఖ్యాశాస్త్రానికి ఆశ్రయించే ఒక ప్రసిద్ధ గ్రంథాన్ని రాసిన జెరాల్డ్ జార్ 1992లో సరదాగా ఒక ఇంగ్లీషు పద్యం కట్టాడు. అందులో దాదాపు ప్రతి పాదంలోనూ తప్పు మాటే ఉంటుంది. కానీ ప్రతి మాటా నిఘంటువులో ఉన్నదే గనుక యంత్రం ఒక్కదానినీ పట్టుకోలేదు. ఆ పద్యం చదివి నవ్వుకోని ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఉండడేమో.

ఆ తరవాత ఇంగ్లీషు వంటి భాషలకు పక్క పదాలను కూడా చూసి అనుమానించే సదుపాయం వచ్చింది. 2007 నాటి ఆఫీసులో సందర్భానికి పొసగని పదం కింద నీలి గీత పడటం మొదలైంది. ఇప్పుడు కృత్రిమ మేధ పేరుతో ఇంకా తెలివైన సాధనాలు వస్తున్నాయి, తెలుగు కూడా కొంత నేర్చుకుంటున్నాయి. వాటివల్ల పక్షపాతం వచ్చిన రోగి దొరుకుతాడని నమ్ముతాను. "నొప్పి మాత్రలు వాడవచ్చు" అనే వాక్యం దొరుకుతుందా? ఆ వాక్యం లోకంలో లక్షసార్లు సరిగ్గానే రాయబడి ఉంటుంది. పళ్లు పీకించుకున్నవాడికి వాడవచ్చు. మడమ బెణికినవాడికి వాడవచ్చు. ఈ వాక్యంలో మాత్రం కూడదు. పక్క పదాల అలవాటును బట్టి ఊహించే యంత్రం ఎక్కువసార్లు కనిపించినదాన్ని ఒప్పు అంటుంది. వైద్యంలో ఒక్కొక్కప్పుడు అరుదైనదే ఒప్పు.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఇందుకు చక్కని ఉదాహరణ. లోకంలో మాత్రలన్నీ దాదాపు రోజువారీవే. ఇది వారానికి ఒక్కసారి మాత్రమే. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, నోరంతా పుండ్లు పడి, మనిషి చనిపోవచ్చు. అలా చనిపోయినవారు అనేక దేశాల్లో ఉన్నారు. "రోజుకు ఒకటి" అనే మాట చూసి ఏ యంత్రం ఉలిక్కిపడుతుంది?

అలాగని యంత్రాన్ని కట్టిపెట్టమని నేను చెప్పటం లేదు. దానిచేత మరో పని చేయించుకోవచ్చు. వర్డ్ వంటి సాధనాలలో మనం వద్దనుకున్న పదాల జాబితాను విడిగా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ పదాలు నిఘంటువులో ఉన్నప్పటికీ వాటిని చూడగానే గీత గీస్తుంది. ఆరోగ్య విషయాలు రాసేవారికి పక్షపాతంతోనూ శుల్కంతోనూ పని ఎంత? వాటిని ఆ జాబితాలో చేర్చుకుంటే పొరపాటున వచ్చినప్పుడు పట్టుబడతాయి. అయితే "వచ్చు"నూ "ఆరు"నూ బహిష్కరించలేము గదా. వాటికి వెతుకులాట ఆదేశమే గతి. రచన పూర్తయిన తరవాత "వచ్చు" అని వెతికిస్తే ఆ మాట ఉన్న ప్రతి చోటూ వరసగా చూపిస్తుంది. ప్రతి చోటా ఆగి, ఇక్కడ నేను నిజంగా అనుమతిస్తున్నానా అని అడుగుతాను. తరవాత "వద్దు", తరవాత "కండి", తరవాత "అర", "ఆరు". పది నిమిషాల పని. ఒక హెచ్చరిక కూడా చేయాలి. తొందరలో తప్పు పదాన్ని "నిఘంటువులో చేర్చు" అని నొక్కితే ఇక ఆ తప్పు ఆ కంప్యూటరులో శాశ్వతంగా ఒప్పు అయిపోతుంది. పదిమంది వాడే డీటీపీ కేంద్రాల కంప్యూటర్లలో అటువంటి పదాలు ఎన్ని పేరుకుపోయి ఉంటాయో!

ప్రూఫులు దిద్దేవారు చివరి నుంచి మొదటికి ఒక్కొక్క పదమే చదవమని సలహా ఇస్తారు. అక్షరదోషాలు పట్టటానికి అది మంచి పద్ధతే గానీ ఇటువంటి తప్పుకు పూర్తిగా నిరుపయోగం. అలా చదివితే మనమూ యంత్రంలాగానే చదువుతాము.

అన్నిటికంటె నాకు ఉపయోగపడింది రాసే తీరు మార్చుకోవటమే. ఆ ఆశా కార్యకర్త తప్పును ఎలా పట్టగలిగింది? ఆమెకు వ్యాకరణం వల్ల తెలియలేదు, ఎందుకు వద్దో ముందే విని ఉన్నది గనుక తెలిసింది. అయితే ఆ "ఎందుకు" అనేది ఆమె మనసులోనే కాక కాగితం మీద కూడా ఉంటే? "మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు నొప్పి మాత్రలు వాడవద్దు. అవి మూత్రపిండాలను ఇంకా పాడుచేస్తాయి. నొప్పి ఎక్కువగా ఉంటే ముందు డాక్టరును అడగండి." ఇప్పుడు మొదటి వాక్యంలో "వచ్చు" పడినా రెండో వాక్యం దానితో కొట్లాడుతుంది. ఏడో తరగతి చదివే పిల్లవాడైనా అక్కడ ఆగి, ఇదేమిటి ఇలా ఉంది అంటాడు. కారణం రాయటం పాఠకుడి జ్ఞానం కోసమే అని పూర్వం అనుకునేవాళ్లం. నిజానికి అది ఆజ్ఞకు కాపలా కూడా. కరపత్రం ఆ రూపంలోనే అచ్చయింది.

ఆసుపత్రిలో ఇది మనకు కొత్త కాదు. వైద్యుడు ఫోనులో మందు చెబితే నర్సు దాన్ని రాసుకొని, రాసుకున్నదాన్ని తిరిగి చదివి వినిపించాలి. పదిహేను, యాభై అనే మాటలు ఇంగ్లీషులో ఒకేలా వినిపిస్తాయి గనుక అంకెలను విడివిడిగా పలకాలి, ఒకటి ఐదు అని, ఐదు సున్నా అని. ఒకే విషయాన్ని రెండు విధాలుగా చెప్పటం సాహిత్యంలో పునరుక్తి దోషం. మందుల చీటీలో అదే గుణం. కాబట్టి ఉప్పు గురించి "అర చెంచా, అంటే చెంచాలో సగం" అని రాస్తాను. "రుచి చూస్తే కన్నీటి కంటె ఉప్పగా ఉండకూడదు, ఉంటే పారబోయండి" అని కూడా చేరుస్తాను. ఆరు చెంచాలు వేసిన తల్లి కూడా బిడ్డకు పట్టేముందు ఆ మాట దగ్గర ఆగుతుంది. మెథోట్రెక్సేటు రాసేటప్పుడు "వారానికి ఒకసారి" అని ఊరుకోక "ప్రతి ఆదివారం మాత్రమే, మిగిలిన ఆరు రోజులూ వేసుకోకూడదు" అని రాస్తాను. ఎంతోమంది యువ వైద్యులకు ఈ మాట చెప్పాను. కొందరు ఓపిక లేదన్నారు, కొందరు కాగితంలో చోటు లేదన్నారు. చీటీ పైభాగంలో డిగ్రీలకు మాత్రం చోటు సరిపోతుంది మరి.

ఒక్కొక్కప్పుడు వ్యతిరేకార్థంగా మారే వీలున్న పదాన్నే మానుకోవటం మేలు. "వాడకండి" అనే బదులు "వాడితే ప్రమాదం" అంటే, ఏ అక్షరం జారినా అది "వాడండి" కాదు. "తాగకండి" అనే బదులు "దీనికి దూరంగా ఉండండి" అనవచ్చు. భాష కొంచెం మొరటుగా కనిపిస్తే కనిపించనివ్వండి.

ఇక మీ ఇళ్ల సంగతి. మీ పిల్లలు హైదరాబాదులోనో డల్లాసులోనో ఉంటారు, మీరు తిరువూరులోనో తుని దగ్గరో ఉంటారు. వైద్యుడు చెప్పినదాన్ని వాళ్లు ఫోనులో తెలుగులో కొట్టి పంపుతారు. మాటలను ఊహించి ముందే అందించే ఆ ఫోనుకు మీ తల్లి రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో తెలియదు. మందు పేరును కొట్టి పంపకండి, మాత్రల పట్టీని రెండు వైపులా ఫోటో తీసి పంపండి. పట్టీ మీద పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ అచ్చులో ఉంటాయి. ఎప్పుడు, ఎంత అనేది గొంతుతో చెప్పి సందేశంగా పంపండి, లేదా స్వయంగా మాట్లాడండి. మాట్లాడినప్పుడు తల్లి "సరే నాన్నా, తెలిసింది" అంటే ఫోను పెట్టేయవద్దు. "అయితే అమ్మా, ఆ తెల్ల మాత్ర ఎప్పుడు వేసుకుంటావో ఒకసారి నువ్వు చెప్పు" అని అడగండి. ఆమె విసుక్కుంటుంది. విసుక్కుంటూనే "రాత్రి అన్నం తిన్నాక, సగం" అని చెబుతుంది. అది విన్న తరవాత ఫోను పెట్టేయండి.